ఇరవై రెండో పేజీ

అక్షరాలు చదవడం నా పని కాదని ఇరవై ఏళ్ళు గొప్పగా చెప్పుకు తిరిగాను. పేజీలు పెట్టేవాడికి అక్షరమంటే నలుపు, ఖాళీ అంటే తెలుపు, ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే మన పని, అందులో ఏం రాసి ఉందో రాసినవాళ్ళు చూసుకుంటారు అనేది నా ధోరణి. ఎవరైనా "ఈ వ్యాసం చదివావా?" అని అడిగితే "కొలిచాను" అనేవాణ్ణి. చొక్కా జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉండేది కాబట్టి ఆఫీసులో నాకు కొలబద్ద అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు లోలోపల ముద్దు కూడా. ఇప్పుడు ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అక్క పత్రిక పెడతానన్నప్పటికి నేను ఆరు నెలలుగా ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. అంతకుముందు పనిచేసిన వారపత్రికలో నా పేజీ మీద ఒక గీత నన్నడక్కుండా జరిపారని ఎడిటర్ మీదికి స్కేలు విసిరి వచ్చేశాను. తగల్లేదు. కానీ ఆ కబురు నాకన్నా ముందే ఊళ్ళో పత్రికలన్నీ చుట్టి వచ్చింది. ఎవరూ పనివ్వలేదు, అక్క ఇచ్చింది. బళ్ళో పాతికేళ్ళు సంగీతం పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి, వాయించేవాళ్ళకీ పాడేవాళ్ళకీ ఊరికే కూర్చుని వినేవాళ్ళకీ ఒక మాసపత్రిక ఉండాల్సిందేనని పట్టుబట్టిన మనిషి.

"నాకు పేజీలు పెట్టడం చేతకాదు. నీకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం రా" అంది.

ఆఫీసంటే టైలరు షాపు మీద ఒక గది. కింద మిషన్లు ఆడుతుంటే పైన మా బల్ల మీద పెన్సిళ్ళు వాటంతటవే దొర్లేవి. గదిలో ఒక గోడ మొత్తం నాకిచ్చింది. అరచేయంత కాగితం ముక్కలు నలభై ఎనిమిది కత్తిరించి, పత్రిక తెరిస్తే ఎలా కనబడుతుందో అలా రెండేసి చొప్పున ఆ గోడకి గుచ్చాను. సరిసంఖ్య పేజీ ఎడం పక్కన, బేసిసంఖ్య పేజీ కుడి పక్కన. ఏ పేజీలో ఏం వస్తుందో పెన్సిలుతో రాసుకోవడం, నచ్చకపోతే ముక్క పీకి ఇంకో చోట గుచ్చడం. పదిహేను రోజులు ఆ గోడ ముందు అక్కా నేనూ పోట్లాడుకున్నాం. చిన్నప్పుడు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకున్నట్టే, ఏమీ తేడా లేదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. మాటలు ఆవిడవి, పేజీలు నావి. ఒకరి దాంట్లో ఇంకొకరు వేలు పెట్టకూడదు.

ఒక్క చోట మాత్రం ఆవిడ ముక్క కదపనివ్వలేదు.

"ఇరవైలో వ్యాసం మొదలు. ఇరవై ఒకటి నిండా ఆయన ఫొటో. ఇంకేం వద్దు. మూడు నెలలు ఆయన ఇంటి చుట్టూ తిరిగి రాశాను."

ఆయనంటే వయొలిన్ మాస్టారు. నలభై ఏళ్ళు ఒక వాద్యబృందంలో వాయించి రిటైరైన మనిషి. నాకు తెలిసింది అంతే. తెలుసుకోవాలని అడిగిన పాపాన కూడా పోలేదు.

"ఈ ఒక్కటీ చదివి పేజీ పెట్టు తమ్ముడూ."

"ఎన్ని మాటలుంటాయి?"

"పదహారు వందలు."

"అంతే, నాక్కావలసింది అదే."

అక్క నన్నొకసారి ఎగాదిగా చూసింది. "పోనీ, ఎక్కడైనా అనుమానమొస్తే ఒక్క ఫోన్ చెయ్యి" అంది. పేజీల విషయంలో నాకు అనుమానాలు రావని చెప్పాను. ఆ మాట అన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో వినబడుతుంది, వినబడినప్పుడల్లా చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

వ్యాసానికి 'వెనక వరస' అని పేరు పెట్టింది. ఆ రెండు మాటల్నీ పెద్దక్షరాల్లో పేర్చడానికి నాకొక పూట పట్టింది. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ మధ్య ఖాళీ వెంట్రుకవాసి తగ్గించాను, మళ్ళీ పెంచాను, దూరం నుంచి కళ్ళు చిట్లించి చూశాను. ఎవరి వెనక, ఏం వరస అని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

ఫొటో చూసినప్పుడు నాకూ ముచ్చటేసింది. నలుపు తెలుపుల్లో ఉంది. మాస్టారు కుర్చీలో కూర్చుని వాయిస్తున్నారు. బట్టతల, కళ్ళు సగం మూతలు, ముఖం మన ఎడమ వైపుకు తిరిగి ఉంది. కుడి పేజీలో పెడితే తన కథ వైపే తాను చూస్తున్నట్టుంటారు. మా పనిలో ఒక నియమం ఉంది. పేజీలో మనిషి బొమ్మ వేస్తే ఆ మనిషి పత్రిక లోపలికి చూడాలి, అంచు వైపు చూడకూడదు. ఆయన బయటికి చూస్తే చదివేవాడి చూపు కూడా ఆయన వెంటే బయటికి జారిపోతుంది. ఇది నాకు మొదట పని నేర్పినవాళ్ళు చెప్పారు, నేనూ పదిమందికి చెప్పాను. ఎన్నడూ తప్పలేదు.

అచ్చుకి మూడు రోజులుందనగా ఒక వాయిద్యాల షాపు ప్రకటన వచ్చింది. మొదటి సంచికకి వచ్చిన ఏకైక పెద్ద ప్రకటన. వాళ్ళకి పత్రిక మధ్యలో కుడి పేజీయే కావాలట. అక్క గోడ ముందు నిలబడి చాలాసేపు పెదవి కొరుక్కుంది. ఆఖరికి ఇరవై ఒకటి వాళ్ళకిచ్చి, ఫొటోని ఇరవై రెండుకీ వ్యాసాన్ని ఇరవై మూడు, ఇరవై నాలుగు పేజీలకీ జరిపింది. "సర్దు రా, నువ్వే సర్దగలవు" అని ప్రూఫుల కోసం ప్రెస్సుకి వెళ్ళిపోయింది.

ఇరవై రెండు ఎడమ పేజీ. మాస్టారు ఇప్పుడు అంచు వైపు చూస్తున్నారు. వ్యాసానికి వీపు తిప్పి, ఎటో వెళ్ళిపోయేవాడిలా.

దానికి మందు తేలిక. ఫొటోని అద్దంలో చూసినట్టు అటుదిటు తిప్పేస్తే సరి. తిప్పాను. చూపు లోపలికొచ్చింది, పేజీ కుదిరింది. అప్పుడే ఇంకో సంగతి కంటబడింది. ఇందాక కుడి భుజం మీదున్న వయొలిన్ ఇప్పుడు ఎడమ భుజం మీదికొచ్చింది. నేను చూసిన వయొలిన్ వాళ్ళందరూ ఎడమ భుజం మీదే పెట్టుకుంటారు. అయితే ఫొటోగ్రాఫరే తిరగేసి పంపాడన్నమాట, నేను సరిచేశానన్నమాట అనుకుని నా భుజం నేనే తట్టుకున్నాను.

ఆ సంబరం అరనిమిషం కూడా నిలవలేదు. చొక్కా జేబు కుడి వైపుకొచ్చి కూర్చుంది. మగవాళ్ళ చొక్కాకి జేబు ఎడమ వైపుంటుంది. కింద టైలరు షాపులో ఎవరినడిగినా చెబుతారు. వయొలిన్ ఒకటి చెబుతోంది, జేబు ఇంకోటి చెబుతోంది. రెంట్లో ఏదో ఒకటి నిజం కావాలి. ఇక్కడ నన్ను నేను వెనకేసుకు రాదలచుకోలేదు. తేడా ఉందని నాకు ఆ క్షణాన తెలిసింది.

ఫోన్ నా మోచేతి పక్కనే ఉంది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడిగితే అక్క నవ్వుతుంది, "కొలబద్దకి కూడా అనుమానమొచ్చిందే" అంటుంది. అంతే, అంతకన్నా ఏం జరగదు. ఆ నవ్వు పడటం ఇష్టం లేక జేబుని కత్తిరించి ఎడమ వైపుకి మార్చాను. వయొలిన్ కింద నుంచి సగం కనబడేలా అమర్చాను. జేబు మీది మోటు కుట్లు, లోపల ఏదో ఉన్నట్టు చిన్న ఉబ్బు, ఏదీ పోనివ్వలేదు. అది తీసిన చోట గుడ్డ మడతలు తేడా తెలియకుండా నింపాను. ఇరవై నిమిషాలు పట్టింది. పనితనం అద్భుతంగా వచ్చిందని కూడా అనుకున్నాను.

అక్క చూసిన ప్రూఫుల్లో ఫొటోలుండవు. ఫొటో వచ్చే చోట బూడిదరంగు గడి ఉంటుంది, అసలు ఫొటోలు ఆఖరున ప్రెస్సులో ఎక్కిస్తాను. నా పద్ధతి అది. ఆవిడ అక్షరం అక్షరం దిద్దింది. గడి మీద దిద్దడానికి ఏముంటుంది?

అచ్చయిన మర్నాడు పొద్దున్న కట్టలు మేడెక్కి వచ్చాయి. ఎనిమిది వందల కాపీలు. అక్క కట్ట మీది తాడు పళ్ళతో తెంపినంత పని చేసి, ఒక కాపీ తీసి వాసన చూసి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పెట్టుకుని తెరిచింది. నేను టీ కలుపుతూ పొగడ్త కోసం చెవులు రిక్కించుకుని ఉన్నాను. వెనక్కి తిరిగేసరికి ఆవిడ కింద కూర్చుని ఉంది.

"ఇదేంట్రా?"

"ఏంటి?"

"ఆయన ఎడమచేతి వాటం. వయొలిన్ కుడి భుజం మీద పెట్టుకుని, కమాను ఎడమచేత్తో పట్టుకుంటారు. నువ్వు వ్యాసం చదవలేదా?"

కలుపుతున్న టీ గ్లాసు కింద పెట్టి ఆవిడ దగ్గరికొచ్చాను.

"చదువు. ఇప్పుడు చదువు. నా ఎదురుగా కూర్చుని చదువు" అంది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

కట్టల మధ్య కూర్చుని, నేను పేర్చిన అక్షరాల్ని మొదటిసారి చదివాను. మాస్టారికి చిన్నప్పుడు నేర్పినవాళ్ళు చెయ్యి మార్చమన్నారు. ఎంత ప్రయత్నించినా చెయ్యి మాట వినలేదు. తీగలు తిరగేసి కట్టించుకుని తన పద్ధతిలోనే నేర్చుకున్నారు. బృందంలో చేరాక ఇరవై కమానులు ఒక వైపు లేస్తుంటే ఆయనది ఇంకో వైపు లేచేది. వినడానికి ఏ లోటూ లేదు, చూడటానికి బాగాలేదన్నారు. ముందు వరసకి రావలసిన మనిషిని వెనక వరసలో, అదీ స్తంభం చాటున కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళు. ఒకసారి బృందం మొత్తాన్ని ఫొటో తీయడానికి వచ్చినప్పుడు, "ఈ ఒక్క నిమిషం అటు మార్చి పట్టుకోండి, వాయించక్కర్లేదు" అన్నారట. మాస్టారు వయొలిన్ పెట్టెలో పెట్టేసి లేచి వెళ్ళిపోయారు. ఆ ఫొటో ఇప్పటికీ ఆ హాల్లో వేలాడుతోంది. వెనక వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది.

వ్యాసంలో చివరి వాక్యం: "ఆయన వాయిస్తుండగా తీసిన మొట్టమొదటి ఫొటో ఇరవై రెండో పేజీలో మీరు చూస్తున్నదే."

నేల చీలితే అందులోకి దిగిపోయేవాణ్ణి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎవరికీ లొంగకుండా కాపాడుకున్నదాన్ని నేను టీ చల్లారేలోపు మార్చేశాను.

"నాది కూడా తప్పే. ఫొటో పెట్టిన పేజీ ఒకసారి చూపించమని అడగాల్సింది. నీ పేజీల జోలికి రాకూడదనుకున్నాను" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "పద, ఇంకెవరి చేతిలోనో చూడకముందే మనమే వెళ్ళి చెబుదాం."

జేబు సంగతి చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను. పొరపాటుగా తిప్పినవాడు ఒక రకం, తెలిసి అతుకేసినవాడు ఇంకో రకం. మొదటి రకం వాడిగా ఉండిపోతే చాలుననిపించింది. నోరు మూసుకుని కుక్కిన పేనులా ఆవిడ వెంట నడిచాను.

మాస్టారు, ఆయన చెల్లెలు ఇద్దరే ఉంటారు ఆ ఇంట్లో. చెల్లెలు తలుపు తీసి "వచ్చేసిందా?" అని చేతులు చాచింది. బల్ల మీద కొత్త ఫ్రేము అద్దం తుడిచి సిద్ధంగా ఉంది. గోడకి మేకు కూడా కొట్టి ఉంచారు.

మాస్టారు పత్రిక ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పుకుంటూ వచ్చారు. ఇరవై రెండు దగ్గర ఆగారు. ఆయన ముఖంలో కోపం రాలేదు. వెలుగు మాత్రం పోయింది.

"తప్పు నాదే మాస్టారూ, నేను సరిగ్గా చూసుకోలేదు" అంది అక్క. చెయ్యని తప్పుకి ఆవిడ తల దించుకుంటే నేను పక్కన కుర్చీ చివర కూర్చుని ఆయన గది గచ్చు మీది గళ్ళు లెక్కపెడుతున్నాను.

"పోనీలేమ్మా" అన్నారాయన. "అచ్చులో ఏదో తిరగబడి ఉంటుంది. యంత్రాలకేం తెలుసు?"

చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది. పాపం, ఏదో ఒక మంచి మాట అనాలని వెతుక్కుంటోంది. "పోన్లే అన్నయ్యా, నేను కుట్టిన జేబు ఎంత బాగా పడిందో చూడు. నీ రోజిన్ బిళ్ళ ఉబ్బు కూడా కనిపిస్తోంది."

రోజిన్ అంటే కమానుకి రుద్దుకునేది. ఆ ఉబ్బు ఏమిటో నాకప్పుడు తెలిసింది.

మాస్టారు మళ్ళీ పేజీ వైపు చూశారు. ఈసారి దగ్గరికి తీసుకుని చూశారు. తర్వాత తన చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నారు. అదే చొక్కా.

"నేను తిరగబడితే నా జేబు కూడా తిరగబడాలి కదమ్మా?"

అక్క నా వైపు తిరిగింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"జేబు మీరు మార్చారా బాబూ?" అన్నారు మాస్టారు.

"మార్చాను."

"మంచి పనితనం. కుట్లతో సహా వచ్చింది." ఎత్తిపొడుపు కాదు, ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి మెచ్చుకున్నట్టే అన్నారు. అందుకే ఎక్కువ తగిలింది. "అంటే ఏదో తేడా ఉందని మీకు తెలిసింది."

"తెలిసిందండీ."

"అడగాలనిపించలేదా?"

అక్క నవ్వుతుందని అడగలేదని ఆ మనిషి ముఖం మీద ఎలా చెప్పను?

"ఆ రోజు వాళ్ళు నన్ను అడిగారు బాబూ, మార్చి పట్టుకుంటారా అని. ఇష్టం లేక లేచి వచ్చేశాను" అన్నారాయన, పత్రిక మీదినుంచి చూపు తిప్పకుండా. "మీరు లేచిపోవడానిక్కూడా వీల్లేకుండా చేశారు."

ఇరవై ఏళ్ళలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది. అందరికీ ఎదురు చెప్పాను. ఆ రోజు మాత్రం "క్షమించండి" అన్నాను. ఆయన తలూపారు. క్షమించినట్టో, విన్నట్టో తెలియలేదు.

చెల్లెలిని కత్తెర తెమ్మన్నారు. "ఈ పేజీ వెనక ఏముందమ్మా?"

"వాయిద్యాల షాపు ప్రకటన" అంది అక్క.

"అయితే సంగీతానికేం నష్టం లేదు" అని, ఎడమచేత్తో కత్తెర పట్టుకుని, మడత దగ్గర వేలెడు అంచు వదిలి, ఇరవై రెండో పేజీని నిదానంగా కత్తిరించారు. కాగితం నా చేతికిచ్చారు. "ఇందులో నేను లేను. మీరే ఉంచుకోండి." మిగతా పత్రికని మూసి పక్కన పెట్టుకున్నారు.

వాకిట్లో అక్క అడిగింది, "అసలు ఫొటో మళ్ళీ వేస్తామంటే ఒప్పుకుంటారా మాస్టారూ?"

"అచ్చు కాకముందు నాకొకసారి చూపిస్తే ఒప్పుకుంటాను."

వీధి పొడవునా అక్క నా కన్నా నాలుగడుగులు ముందు నడిచింది. నేను ఆ నాలుగడుగులు తగ్గించే ధైర్యం చేయలేదు. ఆఫీసు మెట్ల దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే "అన్ని కాపీల్లోనూ తీసెయ్" అంది.

ఎనిమిది వందలు. బ్లేడు, స్టీలు స్కేలు పెట్టుకుని రెండు రోజులు కోశాను. ఒక్కో కాపీ తెరవడం, స్కేలు ఆనించడం, గీయడం. ప్రతి కాపీలోనూ నేను పెట్టిన జేబు ఒకసారి కనిపించేది. ఇరవయ్యో పేజీ తర్వాత వేలెడు కాగితపు అంచు, ఆ వెంటనే ఇరవై మూడు. పత్రిక పుట్టడమే పన్ను ఊడినట్టు పుట్టింది. మధ్యలో వాయిద్యాల షాపుకి నేనే వెళ్ళి, వాళ్ళ ప్రకటన ఎందుకు పోయిందో మొత్తం చెప్పాను, జేబుతో సహా. యజమాని నానా మాటలూ అన్నాడు. తల వంచుకుని విన్నాను. అలవాటు లేని పని, మెడ నొప్పెట్టింది.

చీటీ ఒకటి అచ్చేసి ప్రతి కాపీలోనూ పెట్టాలంది అక్క, పేజీ ఎందుకు లేదో పాఠకులకి తెలియాలని. "నువ్వే రాయి" అంది. మాటలు నావి కావని ఆ పూట అనలేకపోయాను. నాలుగు కాగితాలు చించి, చివరికి ఇలా రాశాను: "వయొలిన్ మాస్టారు ఎడమచేత్తో వాయిస్తారు. పేజీలు పెట్టిన నేను వ్యాసం చదవకుండా, పొరపాటున ఆయన ఫొటోని తిప్పి వేశాను. అది బయటపడకుండా జేబు కూడా మార్చాను. అందుకే ఇరవై రెండో పేజీ లేదు."

అక్క చదివింది. ఎర్ర పెన్ను తీసి 'పొరపాటున' అన్న మాట కొట్టేసి, చీటీ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నేను ఆ మాట తీసేసి అచ్చుకిచ్చాను.